ముప్పై ఏడో నంబరు నడుస్తోంది

హస్నైన్ ఎవరని సిద్దిపేటలో అడిగితే, ముందు వాళ్ళ నాన్న షౌకత్ మైకుల దుకాణం గురించే చెబుతారు. పెళ్ళికైనా, పీర్ల పండుగకైనా, సభకైనా మైకు అక్కణ్ణుంచే వెళ్ళాలి. నేను మాత్రం అతని లిస్టు గురించి చెబుతాను. చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. నా పేరు ప్రశాంతి, పేరుకు మాత్రమే. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ కథలో ఆ కోపం సగం లోకం మీద, సగం నా మీద.

ఊరి బయట ఒక ఇంజినీరింగు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు రికార్డులు రాయడం నా పని. ఆ కాలేజీ పేరు చెప్పను, చెబితే నోరు పాడవుతుంది. హస్నైన్ అదే ల్యాబులో అసిస్టెంటు. చదివింది ఐటీఐ. చేతికి ఏది దొరికినా దాని మూత తీసి లోపల చూడందే అతనికి నిద్ర పట్టేది కాదు. చిన్నప్పటి నుంచి దుకాణంలో రేడియోల మధ్య పెరిగిన అలవాటు అది. ఒకసారి నా టిఫిన్ డబ్బా మూత గట్టిపడిందని ఇస్తే, మూత తీశాక లోపలి చింతకాయ తొక్కు కూడా రుచి చూసి ఇచ్చాడు.

మా ల్యాబు సంగతి ఇది. నలభై తెరలు ఉండేవి గానీ లోపల పని చేసే పెద్ద మెషీను ఒక్కటే. నలభై మంది పిల్లలు రాసిన ప్రోగ్రాములన్నీ దాని నెత్తినే నడిచేవి. ఎవడో ఒకడు ఆగడం తెలియని ప్రోగ్రాం రాసేవాడు. అది తిరుగుతూ తిరుగుతూ మెమరీ అంతా మింగేసేది. అంతే, నలభై తెరలూ కొయ్యబారిపోయేవి. "సార్, ఆగింది! సార్, ఆగింది!" అని ఒకటే గోల. చివరికి మెషీను ఆపి మళ్ళీ వేసేవాళ్ళం, అందరి పనీ గంగలో కలిసేది. ఎవడి ప్రోగ్రాం వల్ల ఆగిందో ఎవరికీ తెలిసేది కాదు.

"రేడియో మోగకపోతే పైన నాలుగు చరుపులు చరిస్తే మోగుతదా అక్కా? మూత తీసి లోపట ఏది ఎలుగుతుంది, ఏది ఎలుగుతలేదు సూడాలె గద" అన్నాడు హస్నైన్ ఒకరోజు.

"కంప్యూటర్‌కు మూతేంది భాయ్, ఇప్పితే కరస్పాండెంట్ నీ తోలు ఇప్పుతడు" అన్నాను.

కాలేజీ యజమానిని మేమంతా కరస్పాండెంట్ సార్ అనేవాళ్ళం. ఆయనకు తెలియకుండా మూడు వారాలు కూర్చున్నాడు హస్నైన్. ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, పక్కన నిఘంటువు. చివరికి కనిపెట్టింది చాలా చిన్న విషయం. లోపల నడిచే ప్రతి ప్రోగ్రాం పేరు మీదా ఆ మెషీను ఒక చీటీ రాసుకుంటుందట. ఎవరు మొదలుపెట్టారు, ఎప్పటి నుంచి, ఎంత మెమరీ తింటోంది, ఇప్పుడు పని చేస్తోందా లేక దేనికోసమైనా ఎదురుచూస్తోందా. "అన్నీ బయటనే వెట్టి ఉన్నయక్కా, చదివేటోడే లేడు, గంతే" అని నవ్వాడు. ఆ చీటీలన్నీ చదివి వరసగా పేర్చి తెర మీద చూపే ప్రోగ్రాం ఒకటి రాశాడు. నలభై వరుసలు కూడా లేవు.

మొదటిసారి ల్యాబు కొయ్యబారినప్పుడు తన తెర మీద లిస్టు తెరిచాడు. పంతొమ్మిదో నంబరు పిల్లాడి ప్రోగ్రాం మెమరీ మొత్తం తింటోంది. ఆ ఒక్కదాన్ని ఆపాడు. మిగతా ముప్పై తొమ్మిది తెరలూ కదిలాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. ఐటీఐ చదివినవాడు ఇంజినీరింగు ల్యాబులో అలా నిలబడి చప్పట్లు అందుకోవడం చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ లిస్టుకు పిల్లలే 'హస్నైన్ లిస్టు' అని పేరు పెట్టారు.

ఆ పిల్లల్లో ముప్పై ఏడో నంబరు స్వామిది. తొగుట నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. తండ్రి లేడు. తల్లి దుర్గవ్వ బీడీలు చుట్టి చదివించింది. ఆఖరి సంవత్సరంలో ఉండగానే హైదరాబాదు కంపెనీ ఒకటి కాలేజీకి వచ్చి వాణ్ణి ఎంచుకుంది. చదువు అయిపోగానే చేరమన్న కాగితాన్ని దుర్గవ్వ ప్లాస్టిక్ కవర్లో చుట్టి, రేషన్ కార్డుతో పాటు దూలం సందున దాచింది. ఇంకో ఎనిమిది నెలలు గడిస్తే ఆమె చేతికి పొగాకు అంటనక్కరలేదు. ఆ ఇంట్లో అందరి ప్రాణం ఆ కవర్లోనే ఉంది.

ఒకసారి స్వామి ప్రోగ్రాం ఆగిపోతే "సచ్చిపోయింది భాయ్" అన్నాడు దిగులుగా.

హస్నైన్ లిస్టు చూపించాడు. "సావలేరా. గీడ సూడు, ఎదురుచూస్తున్నది. నువ్వు నంబరు కొట్టాలె అని నీ కోసం కూసున్నది. నువ్వు కొట్టేదాంక అట్లనే ఉంటది, ఏం తినదు, ఎవలకూ అడ్డం రాదు."

ఈ మాట గుర్తుంచుకోండి. కొంప ముంచింది ఇదే.

లిస్టు సంగతి కరస్పాండెంట్ చెవిన పడింది. ల్యాబుకు వచ్చి నిలబడి చూశాడు. హస్నైన్ సంబరం చెప్పనలవి కాదు. "మనుషులు అబద్ధం ఆడుతరు సార్. గిది ఆడది" అన్నాడు, కొడుకును చూపిస్తున్న తండ్రిలాగా. కరస్పాండెంట్‌కు ఆ మాట తెగ నచ్చింది. "అయితే ఇగ హాజరు పిలుసుడెందుకు? నంబరు నడుస్తుంటే పిల్లగాడు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. దినమంత ఏ నంబరు ఎప్పుడు నడిచిందో రోజూ సాయంత్రం అచ్చు తీసి రిజిస్టర్ల అంటించుర్రి" అన్నాడు.

లిస్టులో మొదట ఇంకో గడి కూడా ఉండేది. ఏ ప్రోగ్రామును ఏ కుర్చీ నుంచి నడుపుతున్నారో చూపే గడి. మా డొక్కు ప్రింటరులో ఆ గడి పట్టక కింది వరుసలోకి జారేది. చూడ్డానికి పిచ్చుక గూడులా ఉందని కరస్పాండెంట్ విసుక్కున్నాడు. "ఏ కుర్చీల కూసుంటే ఏందయ్యా, నంబరుంటే సాలు." హస్నైన్ ఆ గడి తీసేశాడు. మెషీను తనంతట తాను రాసుకునే ఇంకో పెద్ద రికార్డు ఉండేది. దాన్ని కూడా, డిస్కులో జాగ చాలడం లేదు, మన లిస్టు ఉంది కదా అని తనే ఆపేశాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. నాకేం తెలుసు, సరేనన్నాను.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బళ్ళు లేవు, ఆఫీసులు లేవు. ఊరంతా రోడ్డు మీదే ఉంది. షౌకత్ చాచా దీక్షా శిబిరానికి మైకు ఊరికే ఇచ్చేశాడు. మా కాలేజీలో పాఠాలు ఆగాయి గానీ ల్యాబు మాత్రం ఆగదని కరస్పాండెంట్ పట్టుబట్టాడు. డెబ్బై ఐదు శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వనని నోటీసు అంటించాడు. పిల్లలు ఏడవలేక నవ్వారు. రోడ్డు మీదికి పోకుంటే వాళ్ళ మనసు ఒప్పదు, పోతే పరీక్ష పోతుంది.

అందరూ హస్నైన్ చుట్టూ మూగారు. అతను తల గోక్కున్నాడు, నవ్వాడు. తర్వాత మూడు వరుసల ప్రోగ్రాం ఒకటి రాసిచ్చాడు. దాని పనల్లా ఒక నంబరు కొట్టమని అడిగి, కొట్టేదాకా ఎదురుచూడటమే. ఏం తినదు, ఎవరికీ అడ్డం రాదు. ల్యాబులో ఉన్న పదిమందీ రోడ్డు మీదున్న ముప్పై మంది నంబర్లతో లోపలికి వెళ్ళి దీన్ని పెట్టేస్తే చాలు, లిస్టులో అందరూ ఉన్నట్టే. మరి ఒకరి పాస్‌వర్డు ఇంకొకరికి ఎలా తెలుస్తుందంటారా? ఆ సమ్మెలో క్లాసు క్లాసంతా పాస్‌వర్డు మార్చుకుంది. నలభై మందిదీ ఒకటే, జై తెలంగాణ. ఇంకోటి పెట్టుకున్నవాణ్ణి ద్రోహి అని ఏడిపించేవాళ్ళు. మాకు అదంతా ఎంత ముద్దుగా అనిపించిందో! సాయంత్రం లిస్టు అచ్చు తీసేవాళ్ళం, ముప్పై మంది ఎదురుచూస్తున్నట్టు ఉండేది. నేను రిజిస్టర్లో అంటించి, కింద 'సరిచూశాను' అని సంతకం పెట్టేదాన్ని.

అక్టోబరులో ఒకరోజు ప్రజ్ఞాపూర్ దగ్గర రాజీవ్ రహదారి మీద వంటావార్పు పెట్టారు. స్వామి పొద్దున్నే తల్లిని తీసుకుని ట్రాక్టరెక్కి పోయాడు. దుర్గవ్వ రోడ్డు నడుమ పొయ్యి పెట్టి పప్పు వండింది, కొడుకు విస్తర్లు వేశాడు. అదే మధ్యాహ్నం మా ల్యాబులో ఎవరో కాలేజీ వెబ్‌సైటు మొదటి పేజీని నల్లగా మార్చి, 'ప్రాక్టికల్ పరీక్షలు రద్దు. జై తెలంగాణ' అని రాసి పెట్టారు. మర్నాడు పరీక్షకు ఒక్క పిల్లాడూ రాలేదు. ఎక్కడో దూరం నుంచి కారు మాట్లాడుకుని వచ్చిన ఎగ్జామినర్ గంటసేపు కూర్చుని, నాలుగు మాటలని వెళ్ళిపోయాడు. కరస్పాండెంట్ మొహం కందగడ్డ అయింది.

"నిన్నటి లిస్టు తే" అని కబురు పెట్టాడు.

ఆ లిస్టు రిజిస్టర్లోనే ఉంది. హస్నైన్ వేలు ఒక వరుస దగ్గర ఆగింది. ముప్పై ఏడో నంబరు. వెబ్ పేజీ దిద్దే ప్రోగ్రాం. రెండూ పది నుంచి రెండూ ఇరవై ఐదు దాకా నడిచింది. ఆ వెబ్‌సైటును తయారు చేసింది స్వామి, ఇంకో ముగ్గురు. దాన్ని దిద్దే అనుమతి ఆ నాలుగు నంబర్లకే ఉంది. ఎవరో స్వామి నంబరు పట్టుకుని లోపలికి పోయారు. పాస్‌వర్డు అందరిదీ ఒకటేనాయె.

"చింపెయ్ భాయ్" అన్నాను.

అతను కాగితం వైపే చూస్తున్నాడు.

"నీకే చెప్తున్న, చింపెయ్! సమ్మెల కరెంటు లేదు, ప్రింటు రాలే అని చెప్దాం. పోరడు ఆగమైతడు."

"ఇయ్యాల లిస్టును దిద్దితే ఇగ గది లిస్టెందుకైతదక్కా? స్వామి లేడని మనకు తెల్వదా? నేనే పోయి చెప్త. నేను చేసిన ప్రోగ్రాం, నేను చెప్తె ఎందుకు ఇనరు?"

అయ్యో నా మారాజా! నిజం చెబితే వింటారని అనుకునేవాడి చేతికి అధికారం ఎలాగూ రాదు, ఆ కాగితం కాల్చడానికి కనీసం అగ్గిపుల్లయినా ఇవ్వాలి. అప్పుడే అతని చేతిలోంచి లాక్కుని నేను చింపేసి ఉంటే! మూడేళ్ళ వయసు తేడా, పెద్దదాన్ని, లాక్కోగలిగేదాన్ని. లాక్కోలేదు.

అతని వెనకే కరస్పాండెంట్ గదికి వెళ్ళాను. హస్నైన్ లిస్టు బల్ల మీద పెట్టి, ఏదీ దాచకుండా చెప్పాడు. మూడు వరుసల ప్రోగ్రాం తనే రాసిచ్చానన్నాడు. పాస్‌వర్డులన్నీ ఒకటేనన్నాడు. లిస్టులో నంబరు ఉన్నంత మాత్రాన మనిషి ఉన్నట్టు కాదన్నాడు. కుర్చీ గడి ఉంటే ఇవాళ అసలు మనిషి దొరికేవాడని కూడా అన్నాడు.

కరస్పాండెంట్ అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. "మనుషులు అబద్ధం ఆడుతరు, గిది ఆడది. గా మాట ఎవలన్నరయ్యా?"

"నేనే సార్. కానీ..."

"మరి ఇప్పుడు నిన్ను నమ్మాల్నా, నీ లిస్టును నమ్మాల్నా?" అని నా వైపు తిరిగాడు. "ఏమమ్మా, రోజూ సరిచూశాను అని సంతకం పెడ్తివి. లేనోళ్ళకు హాజరు ఏసిన్రా మీరు?"

ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. నాకు ఇద్దరు పిల్లలు. మా ఆయన ఇబ్రహీంపూర్‌లో రెండెకరాలు దున్నుతాడు, ఆ ఏడు చుక్క నీళ్ళు లేవు. ఇంటికి వచ్చేది నా జీతం ఒక్కటే. ఇవన్నీ నిజాలే, సాకులు కూడా ఇవే. ఊళ్ళో అందరి మీదా అరిచే ఈ ప్రశాంతి ఆ రోజు తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"నాకు తెల్వది సార్. లిస్టుల ఉన్నోళ్ళంత ఉన్నరనే అనుకున్న" అన్నాను.

హస్నైన్ నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేది.

స్వామి మీద కంప్యూటర్ నేరం కింద కేసు పెట్టారు. హస్నైన్‌ను ఆ సాయంత్రమే ఉద్యోగంలోంచి తీసేశారు. లిస్టును మాత్రం తీసేయలేదు, అది అక్కడే నడుస్తూ ఉండింది.

దుర్గవ్వ వకీలు దగ్గరికి పోయి మొత్తుకుంది. "నా కొడుకు గా దినం నా పక్కనే ఉన్నడు సారూ. నేను పప్పు ఒండిన, వాడు ఇస్తర్లు ఏసిండు. నూరు మంది సూసిన్రు." వకీలు మంచివాడే, ఉన్నమాట చెప్పాడు. ఆ రోజు రహదారి మీద బస్సు అద్దాలు పగిలాయి. పేర్లు తెలియనివాళ్ళ మీద కూడా కేసు ఉంది. అక్కడే ఉన్నానని స్వామి నోటితో అంటే ఆ కేసు మెడకు చుట్టుకుంటుంది. ఉన్నాననకపోతే ల్యాబులో ఉన్నట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు కేసులు ఎందుకమ్మా, ఒకటైతే కొట్టేయించవచ్చు, నోరు మూసుకోండి అన్నాడు. వాళ్ళు మూసుకున్నారు. కంపెనీ వాళ్ళు కేసు సంగతి తెలిసి, చేరనక్కరలేదని వేరే కాగితం పంపారు. దుర్గవ్వ దాన్ని కూడా అదే కవర్లో పెట్టింది, చదవడం రాదు కాబట్టి.

కోర్టులో హస్నైన్ సాక్ష్యం చెప్పాడు. అవతలి వకీలు అడిగింది ఒక్కటే.

"ఆ రోజు రెండూ పదికి ముప్పై ఏడో నంబరు మీద ఆ ప్రోగ్రాం నడిచిందా, లేదా? మీ లిస్టు తప్పు చూపించిందా?"

"తప్పు చూపలేదు సార్. నడిచింది. కానీ..."

"చాలు."

తప్పు చూపించిందని ఒక్క అబద్ధం ఆడితే పోయేది. అతనికి చేతకాలేదు. బయటికి వచ్చాక చెట్టు కింద కూర్చుని తల పట్టుకున్నాడు. "గంత సక్కగ ఎందుకు రాసిన్నక్కా దాన్ని? ఒక్క తప్పన్న ఉంటే పోరడు బతుకుతుండె" అన్నాడు. నాతో మాట్లాడినందుకే నాకు ఏడుపొచ్చింది.

రాష్ట్రం వచ్చింది. రెండు వేల పద్నాలుగు జూన్ రెండున ఊరంతా గులాల్ మయం. షౌకత్ చాచా దుకాణంలోని మైకులన్నీ బయటికి పోయాయి. దుకాణంలో హస్నైన్ ఒక్కడే ఉన్నాడు, ఎవరిదో పాత ఆంప్లిఫయరు మూత తీసి పెట్టుకుని. ఆ తర్వాత ఉద్యమం కేసులు ఎత్తివేస్తున్నారని తెలిసి స్వామి, దుర్గవ్వ, హస్నైన్ కాగితాలు పట్టుకుని తిరిగారు. రహదారి కేసు పోయింది. బస్సు అద్దాలు పగలగొట్టినవాళ్ళంతా బయటపడ్డారు. స్వామిది కాలేజీ పెట్టిన కంప్యూటర్ కేసు, ఉద్యమం లెక్కలోకి రాదన్నారు. తనూ ఆ రోజు రోడ్డు మీదే ఉన్నానని స్వామి చెప్పాడు. మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. కేసు వాయిదాల మీద వాయిదాలుగా ఇప్పటికీ నడుస్తోంది.

స్వామి ప్రజ్ఞాపూర్‌లో ఒక హోటల్లో కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాడు. మనిషి సగమయ్యాడు. మన రాష్ట్రంలో మన ఉద్యోగాలు పడ్డాయని ఎవరో చెబితే, దుర్గవ్వే వాణ్ణి బలవంతాన లాక్కొచ్చింది, హస్నైన్ దుకాణానికి. అక్కడ హస్నైన్ ఇప్పుడు ఒక కంప్యూటర్ పెట్టుకుని దరఖాస్తులు నింపి ఇస్తున్నాడు. ఆ రోజు నేను మా పెద్దవాడి స్కాలర్‌షిప్ పని మీద వెళ్ళి అక్కడే ఉన్నాను.

పేరు నింపాడు, తండ్రి పేరు నింపాడు, మార్కులు నింపాడు. అన్నీ మంచి మార్కులే. తర్వాత ఒక గడి వచ్చింది. మీ మీద క్రిమినల్ కేసులు ఉన్నాయా? అవును, కాదు. ఏదో ఒకటి నొక్కితే తప్ప అది ముందుకు పోదు. హస్నైన్ చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

"కాదు అని కొట్టు" అన్నాను కసురుతూ.

"పోలీసులు ఎంక్వైరీకొస్తరక్కా. దొరికితే ఇంకో కేసైతది వానికి."

స్వామి తెర వైపు చూడనే లేదు, రోడ్డు చూస్తున్నాడు. "ఏదో ఒకటి కొట్టు భాయ్. అవ్వ కోసమే వచ్చిన" అన్నాడు.

హస్నైన్ 'అవును' నొక్కాడు. దరఖాస్తు పోయింది. ఆ గడిలో అవును అన్నవాణ్ణి ఎవరూ పిలవరని మా ముగ్గురికీ తెలుసు.

మెట్టు మీద కూర్చున్న దుర్గవ్వ లేచి వచ్చింది. "పంపినవా బిడ్డా?"

"పంపిన అవ్వా."

ఆమె చెంగు ముడి విప్పింది. వచ్చేటప్పుడు మల్లన్న గుట్టకు పోయి తెచ్చిన బండారి, దేవుడి పసుపు, తీసి ముందు కొడుకు నొసట పెట్టింది. తర్వాత హస్నైన్ వైపు తిరిగి, పెట్టొచ్చో పెట్టకూడదో అని ఒక్క క్షణం ఆగి, అతని తల మీద చెయ్యి పెట్టింది. "సల్లగుండు బిడ్డా. నా కొడుకు కోసం నీ నౌకరి వోగొట్టుకున్నవ్. నీ రుణం ఎట్ల తీర్చుకోను" అంది.

హస్నైన్ ఆ చేతి కింద తల వంచుకుని అలాగే కూర్చున్నాడు. ఆమె వెళ్ళాక కూడా ఎత్తలేదు. నేను నా కాగితాలు తీసుకుని, పని చేయించుకోకుండానే ఇంటికి వచ్చేశాను.